తెలుగులో చెప్పలేని కమాండ్‌కి ఎంటర్ కొట్టొద్దు

మన హాస్టళ్లలో లినక్స్ నేర్పే పద్ధతి దాదాపు ఒకటే. "అన్నా, డౌన్‌లోడ్ అయ్యింది గానీ ఇన్‌స్టాల్ అవ్వట్లేదు" అని జూనియర్ అడుగుతాడు. అన్న వాట్సాప్‌లో ఒక కమాండ్ పడేస్తాడు. "ఇది పేస్ట్ చేసి పాస్‌వర్డ్ కొట్టీ" అంటాడు. పనైపోతే సరే. అవ్వకపోతే ఇంకో కమాండ్ వస్తుంది. అదీ పని చెయ్యకపోతే "ఏటిరా ఈ గోల, విండోస్ ఎక్కించీ" అని చివరి తీర్పు. ఈ మొత్తంలో అసలు ఏం జరిగిందో జూనియర్‌కి తెలీదు. చాలాసార్లు అన్నకీ తెలీదు. ఆయనకి వాళ్ల అన్న పంపిందే అది.

ఈ పద్ధతి మారాలన్నది నా వాదన. దానికి ఒక చిన్న నియమం చాలు. ఒక కమాండ్ ఏం చేస్తుందో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఎంటర్ కొట్టకూడదు. చెప్పలేని కమాండ్‌ని ఇంకొకరికి పంపకూడదు కూడా.

తెలుగులోనే ఎందుకు అంటారా? ఇంగ్లీష్‌లో అయితే అర్థం కాకపోయినా అర్థమైనట్టు నటించొచ్చు. "డిపెండెన్సీ ఇష్యూ బ్రో" అంటే అవతలివాడు తల ఊపేస్తాడు. అదే "ఇది నడవాలంటే ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలంట, అది మన దగ్గర లేదంట" అని చెప్పాలంటే విషయం నిజంగా తెలిసి ఉండాలి. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాలాంటివాళ్లకి ఈ పరీక్ష మరీ అవసరం. మాటలు నోటికొస్తాయి, అర్థం రాదు.

ముందు విండోస్ అలవాటు సంగతి చూద్దాం. మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది ఇది: గూగుల్‌లో వెతుకు, ఏదో సైట్‌లో పెద్ద పచ్చ బటన్ నొక్కు, ఈఎక్స్‌ఈ ఫైల్ దిగుతుంది, డబుల్ క్లిక్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. డబ్బులు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ అయితే క్రాక్ చేసిన జిప్ ఫైల్, అందులో "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి" అని ఒక నోట్. ఇంటికి ఎవరో తెలియని మనిషి వచ్చి "ముందు కుక్కని కట్టెయ్యండి, తర్వాత లోపలికొస్తాను" అంటే మనకి అనుమానం వస్తుంది. ఇక్కడ మాత్రం రాదు.

ఈ అలవాటుతోనే ఉబుంటుకి వస్తాం. డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ చేస్తాం. ఏమీ జరగదు, లేదా ఆ ఫైల్ జిప్ తెరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. ఉబుంటు 24.04 వచ్చిన కొత్తలో అయితే, డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైల్‌ని అందులోని యాప్ సెంటర్ ఇన్‌స్టాల్ చెయ్యలేకపోయింది. తర్వాత సరిచేశారు. కొత్తగా వచ్చినవాడికి అలాంటిది మొదటిరోజే ఎదురైతే "ఇది మనకి కాదు" అనిపించడంలో వింత లేదు.

నిజానికి లినక్స్‌లో మొదటి అడుగు డౌన్‌లోడ్ కాదు. మనలాంటి పత్రిక చేసేవాళ్లకి తగిన ఉదాహరణ తీసుకుందాం: తెలుగు ఫాంట్లు. విజయనగరం గురజాడ పేరుతో ఒక ఫాంట్ ఉంది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు పేరుతోనూ ఒకటి ఉంది. సిలికానాంధ్ర ద్వారా అందరికీ అందిన ఉచిత ఫాంట్లవి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్స్‌లోనే రాసి ఉంది. ఇలాంటి ఫాంట్‌ని ఉబుంటులోకి తేవడానికి కనీసం రెండు దారులున్నాయి.

మొదటిది డౌన్‌లోడ్. జిప్ దిగుతుంది, విప్పితే లోపల టీటీఎఫ్ అనే ఫైల్ ఉంటుంది. కొత్తవాళ్లు ఇందులో సెటప్ ఫైల్ కోసం వెతుకుతారు. అది ఉండదు, అవసరం లేదు. మన హోమ్ ఫోల్డర్‌లో ఫాంట్ల కోసం ఉన్న చోట (డాట్ లోకల్, దానిలో షేర్, దానిలో ఫాంట్స్) ఆ ఫైల్‌ని పెట్టి, ఎఫ్‌సీ క్యాష్ అనే కమాండ్ ఇస్తే చాలు. తెలుగులో చెప్పాలంటే: "నా ఇంట్లో కొత్త ఫాంట్ పెట్టాను, ఒకసారి లెక్క చూసుకో." పాస్‌వర్డ్ అడగదు. ఎందుకంటే అది నీ ఫోల్డర్, నీ ఇష్టం.

రెండోది రిపాజిటరీ, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లే నడిపే సాఫ్ట్‌వేర్ గోడౌన్. "ఆప్ట్ సెర్చ్ తెలుగు" అని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తే తెలుగుకి సంబంధించి గోడౌన్‌లో ఏమున్నాయో జాబితా వస్తుంది. అందులో తెలుగువిజయం ఫాంట్స్ అని ఒక ప్యాకేజీ కనిపిస్తుంది, తెలుగు ఫాంట్ల గుత్తి. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" అని దాని పేరు రాస్తే దిగి, దానంతట అదే సర్దుకుంటుంది. తెలుగు వాక్యం: "యజమాని హోదాలో చెబుతున్నాను, గోడౌన్ నుంచి ఈ ప్యాకేజీ తెచ్చి, ఈ కంప్యూటర్ వాడే అందరికీ పెట్టు."

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, లినక్స్‌లో ఇన్‌స్టాల్ చెయ్యడం అంటే ఏంటో సగం తెలిసిపోతుంది. ఒకటి నా ఒక్కడికి, ఇంకొకటి సిస్టమ్ మొత్తానికి. అందుకే రెండో దానికి సుడో కావాలి, పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు మామూలుగా స్క్రీన్ మీద చుక్కలు కూడా పడవు. కీబోర్డ్ పాడైందని కంగారు పడక్కర్లేదు. సుడో అనేది "ప్లీజ్" లాంటి మర్యాద మాట కాదు. "ఇక నన్ను ఏ ప్రశ్నా అడక్కు" అని సిస్టమ్‌కి ఇచ్చే హామీ. పని అవ్వట్లేదని ముందు సుడో తగిలించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గోడౌన్‌ని ఎందుకు నమ్మాలి? అలా నమ్మించే ఏర్పాటు ఉంది కాబట్టి. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ప్రాజెక్ట్ మీదే ఉబుంటు నిలబడింది. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ప్యాకేజీల జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. దిగిన ప్రతి ప్యాకేజీ ఆ జాబితాలో ఉన్న హ్యాష్‌తో సరిపోవాలి. ఆప్ట్ ఇది మనకి చెప్పకుండానే చూసుకుంటుంది. తెలియని సైట్‌లో పచ్చ బటన్ నొక్కినప్పుడు ఇదేదీ జరగదు.

అసలు సైట్ అయితే ఫర్వాలేదా అంటే, దానికీ ఒక కథ ఉంది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి దొంగలు దూరారు. మింట్ 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకుని మార్చి, దొడ్డిదారి పెట్టిన ఐఎస్ఓ ఫైల్‌ వైపు తిప్పారు. ఆ రోజు దించుకున్నవాళ్లు సరైన సైట్‌కే వెళ్లారు, సరైన బటనే నొక్కారు. చెక్‌సమ్ సరిచూసుకున్నవాళ్లకి మాత్రమే తేడా తెలిసే వీలుంది. డౌన్‌లోడ్ పక్కనే షా256 అని ఒక పొడుగాటి నంబర్ రాసుంటుందే, అది అలంకారానికి కాదు. "నా దగ్గరికి వచ్చింది, వాళ్లు పంపింది ఒకటేనా?" అనే ప్రశ్నకి జవాబు అది. ఆ నంబర్ కూడా అదే సైట్‌లో ఉంటే దాన్నీ మార్చెయ్యొచ్చు కాబట్టి, దాని మీద సంతకం ఉంటే అదీ చూసుకోవాలి.

గోడౌన్‌కీ దెబ్బ తగిలే ప్రమాదం లేకపోలేదు. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొడ్డిదారి బయటపడింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో, విడుదల చేసిన టార్ ఫైళ్లలో దాన్ని దాచారు. డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉన్న శాఖల దాకా వచ్చింది, స్థిరమైన విడుదలలోకి రాలేదు. ఎలా పట్టుబడిందో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన మెషీన్‌లో లాగిన్‌కి మామూలు కంటే దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకని తవ్వాడు. అర సెకను. మనమైతే "నెట్ స్లో" అని వదిలేస్తాం. ఓపెన్ సోర్స్ అంటే దానంతట అదే భద్రం అని కాదు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఎవరో ఒకరు చూస్తారు అని. ఆ చూసేవాళ్లలో మన ప్రాంతం వాళ్లు కూడా ఉండాలంటే, ఎంటర్ కొట్టే ముందు ఆగే అలవాటు ఫస్ట్ ఇయర్‌లోనే రావాలి.

కావలసిన ప్రతిదీ గోడౌన్‌లో దొరకదు, నిజమే. మనందరం వాడే వీఎస్ కోడ్ ఉబుంటు గోడౌన్‌లో ఉండదు. దాని సొంత సైట్ నుంచి డెబ్ ఫైల్ తెచ్చుకోవాలి. కాబట్టి ఒక వరస పెట్టుకోవడం మంచిది. ముందు గోడౌన్. అక్కడ లేకపోతే, లేదా మరీ పాత వెర్షన్ ఉంటే, తయారుచేసినవాళ్ల సొంత సైట్‌లో డెబ్ ఫైల్, లేదా ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ లాంటివి. ఏదీ లేకపోతేనే సోర్స్ కోడ్.

సోర్స్ కోడ్ నుంచి కట్టుకోవడం అంటే ఏంటో మన జిల్లావాళ్లకి పలాస జీడిపప్పుతో చెప్పొచ్చు. డెబ్ ఫైల్ అంటే గ్రేడ్ చేసి ప్యాకెట్లో పెట్టిన పప్పు. టార్ జీజెడ్‌లో వచ్చే సోర్స్ అంటే జీడి పిక్కలు. పిక్కలు తెచ్చుకుని ఇంట్లో కొట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ తొక్కలో ఉండే జీడి నూనె చేతులు కాలుస్తుందని తెలిసి ఉండాలి, తగిన పనిముట్లు ఉండాలి. కంపైలర్ లేకుండా, రీడ్‌మీ చదవకుండా "మేక్ ఇన్‌స్టాల్" కొట్టడం ఒట్టి చేతులతో పిక్కలు కొట్టడం లాంటిది. పైగా అలా పెట్టినదాన్ని తర్వాత ఎలా తీసెయ్యాలో ఆప్ట్‌కి తెలీదు, ఎందుకంటే అది తెచ్చింది ఆప్ట్ కాదు.

ఇక ఎర్రర్ మెసేజ్‌లు. కొత్తవాళ్లని వెనక్కి పంపేసేవి ఇవే. నిజానికి అందులో కష్టమైన విషయం తక్కువ, కష్టమైన వాక్యాలు ఎక్కువ. రోజూ ఎదురయ్యేవాటిని తెలుగులోకి తెచ్చి చూడండి.

"పర్మిషన్ డినైడ్" అంటే ఈ పని చేసే హక్కు నీకు ఇవ్వలేదు అని. డౌన్‌లోడ్ చేసిన యాప్‌ఇమేజ్‌కి ఇది వస్తే సుడో పెట్టక్కర్లేదు. నెట్ నుంచి దిగిన ఏ ఫైల్‌కీ నడిచే అనుమతి మొదట ఉండదు. "సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్" అంటే "దీన్ని నడవనివ్వు" అని. అంత ఆలోచించి పెట్టిన చిన్న గేటు అది. ఉబుంటు 22.04 నుంచి యాప్‌ఇమేజ్ అప్పటికీ నడవకపోతే, చాలావాటికి కావలసిన ఫ్యూజ్ పాత లైబ్రరీ సిస్టమ్‌తో పాటు రావట్లేదని గుర్తుంచుకోండి. అది విడిగా పెట్టుకోవాలి.

"కమాండ్ నాట్ ఫౌండ్" అంటే నువ్వు చెప్పిన పేరుతో నాకు తెలిసిన చోట్లలో ఏమీ లేదు అని. ఫైల్ నీ కళ్ల ముందే ఉన్నా ఇలా అంటుంది, ఎందుకంటే లినక్స్ నువ్వున్న ఫోల్డర్‌లో వెతకదు. అందుకే ముందు డాట్ స్లాష్ పెడతాం: "ఇక్కడే ఉన్నదాన్ని."

"అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్" అంటే ఆ పేరు నా జాబితాలో లేదు అని. స్పెల్లింగ్ తప్పై ఉండొచ్చు, జాబితా పాతదై ఉండొచ్చు. "సుడో ఆప్ట్ అప్‌డేట్" అంటే సాఫ్ట్‌వేర్లన్నీ కొత్తవి చెయ్యమని కాదు, జాబితా కొత్తది తెమ్మని. ఈ ఒక్క తేడా తెలియని సీనియర్లు కూడా ఉన్నారు.

"అన్‌మెట్ డిపెండెన్సీస్" అంటే దీనికి తోడు కావలసినవి లేవు అని. డెబ్ ఫైల్‌ని "డీపీకేజీ మైనస్ ఐ"తో పెడితే ఇది ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే దానికి బయటికెళ్లి తోడు తెచ్చుకోవడం రాదు. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" అని రాసి, డాట్ స్లాష్ పెట్టి ఫైల్ పేరు ఇస్తే, కావలసినవి ఆప్టే గోడౌన్ నుంచి తెచ్చుకుంటుంది.

"కుడ్ నాట్ గెట్ లాక్" అంటే ఇంకొకరు ఇప్పటికే కౌంటర్ దగ్గర ఉన్నారు అని. చాలాసార్లు వెనకాల అప్‌డేట్ నడుస్తూ ఉంటుంది. ఆ లాక్ ఫైల్‌ని తీసెయ్యమని నెట్‌లో సలహాలుంటాయి. ముందున్నాయన బిల్లు అవ్వకుండా కౌంటర్ పగలగొట్టమనే సలహా అది. ఐదు నిమిషాలు ఆగితే సరిపోతుంది.

చూశారా, ఒక్కటీ అర్థం కానిది లేదు. వీటిని ఇంతవరకు ఎవరూ మన క్లాసులో ఇలా చెప్పకపోవడమే సమస్య. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి, పాలకొండ నుంచో, పార్వతీపురం నుంచో వచ్చిన క్లాస్‌మేట్ ఈ మెసేజ్ చూసి "నాకు ఇంగ్లీష్ రాదు కాబట్టి కంప్యూటర్ రాదు" అనుకుంటున్నాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. వాడికి రానిది కంప్యూటర్ కాదు. మనం వాడికి చెప్పలేదు, అంతే.

ఇక ఈ నియమం తేలిగ్గా పట్టించే పెద్ద ప్రమాదం ఒకటుంది. కర్ల్ అని మొదలై, మధ్యలో ఒక నిలువు గీత, చివర్లో సుడో బాష్ అని ఉండే ఒక లైన్ చాలా సైట్లలో కనిపిస్తుంది. దాన్ని తెలుగులో చెప్పండి: "ఇంటర్నెట్‌లో ఆ అడ్రస్‌లో ఇప్పుడు ఏం రాసుంటే అది, నేను చదవకుండానే, యజమాని హోదాలో చేసెయ్." ఇలా చెప్పుకున్నాక కూడా ఎంటర్ కొట్టాలనిపిస్తే, కనీసం ఆ స్క్రిప్ట్‌ని ముందు దించి, తెరిచి చూసి, తర్వాత నడపండి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: "ఇంత టైమ్ ఎక్కడుంది, ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రేపే కదా?" ఒక్క వాక్యం చెప్పుకోవడానికి పది సెకన్లు పడుతుంది. అర్థం కాకుండా పేస్ట్ చేసిన నాలుగు కమాండ్ల తర్వాత సిస్టమ్‌ని బాగుచెయ్యడానికి ఒక రాత్రి పడుతుంది. ఏది చవకో మీరే లెక్కేసుకోండి.

రెండోది కొంచెం గట్టిది: "తెలుగులో చెబితే నవ్వొస్తుంది." తెలుగు చేసిన లినక్స్ స్క్రీన్లలో ఫైల్‌ని దస్త్రం అని, ఇన్‌స్టాల్‌ని స్థాపించు అని చూసి నవ్వుకుని మళ్లీ ఇంగ్లీష్‌కి మారిపోయినవాళ్లు చాలామంది. 2005లోనే స్వేచ్ఛ పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. ఉబుంటు, డెబియన్ పెట్టేటప్పుడు భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. ఎవరో జీతం లేకుండా కూర్చుని ఒక్కో మాటా తెలుగు చేశారు కాబట్టే అది అక్కడుంది. వాళ్ల మీద నవ్వే హక్కు మనకి లేదు. కానీ మాట విషయంలో నేను గిడుగు పక్షం. జనం నోట్లో ఉన్న మాటే పుస్తకంలో ఉండాలని ఆయన జీవితమంతా కొట్లాడారు. ఇవాళ ఆమదాలవలస జెరాక్స్ షాపులో కూడా "ఫైల్", "ఇన్‌స్టాల్", "పాస్‌వర్డ్" అనే అంటారు. అవి ఇప్పుడు తెలుగు మాటలే. "ఈ ఫైల్ నడవడానికి నువ్వు అనుమతి ఇవ్వలేదు" అన్నది శుభ్రమైన తెలుగు వాక్యం. పేర్లు ఎక్కడివైనా పర్లేదు, వాక్యం మనదై ఉండాలి. నేను అడుగుతున్నది అనువాదం కాదు, వివరణ.

గిడుగు గురించి ఇంకో మాట. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. చదువు రానివాడిది లోపం అనుకోకుండా, చెప్పేవాడి భాష మార్చారు. టెర్మినల్ ముందు నిలబడ్డ జూనియర్ విషయంలో మనం చెయ్యాల్సిందీ అదే.

అందుకని మన క్లబ్బుకి ఒక ప్రతిపాదన. ఏటా ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పద్యాలు, ప్రసంగాలు, పంచెకట్టు ఫొటోలు అన్నీ ఉండనివ్వండి. వాటితో పాటు ఒక మూల రెండు బల్లలు, నాలుగు పెన్‌డ్రైవ్‌లు పెడదాం. లినక్స్ కావాలన్నవాళ్లకి అక్కడ ఎక్కించి ఇద్దాం. ఒకటే షరతు: కమాండ్ చెప్పేవాళ్లు దాని అర్థం తెలుగులో చెప్పి తీరాలి, కీబోర్డ్ మాత్రం జూనియర్ చేతిలోనే ఉండాలి. అలాగే ఈ పత్రికలో నెలకొక ఎర్రర్ మెసేజ్, దాని తెలుగు వివరణ, అర పేజీలో వేద్దాం. వచ్చే నెలకి "కుడ్ నాట్ గెట్ లాక్" నేను రాస్తాను. మిగతావి మీరు పంచుకోండి.